సాహసం, ప్రయోజనం

తపాలా బిళ్ళ చిన్న వస్తువే గాని అది చేసే పని చిన్నది కాదు. ప్రభుత్వం ఎవరిని గౌరవించదలచిందో వారి పేరు ఇంటింటికీ చేరవేస్తుంది. ఆ గౌరవం మనకు సమ్మతమేనా అని ఎవరూ అడగరు. అంటించి పంపుతాం, అంతే.

1992లో భారత తపాలా శాఖ 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ స్వర్ణోత్సవానికి ఒక స్టాంపు వెలువరించింది. దాన్ని క్లాసులో చూపించినప్పుడు ఒక విద్యార్థి, "యుద్ధం వద్దనే మనం సైనికుల సాహసాన్ని మెచ్చుకోవచ్చునా, మాస్టారూ?" అని అడిగాడు. ఆనాడు నేనిచ్చిన జవాబు నాకే తృప్తి కలిగించలేదు. ఇది ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ప్రాణాలకు తెగించినవాడల్లా వీరుడనే భావం మన వీరగాథలతో బాటు మనలో పాతుకుపోయింది. కాని సాహసం తనంత తాను సద్గుణమా? 1941 మే 20న జర్మన్ పారాచూట్ సైనికులు క్రీటు ద్వీపం మీద దూకారు. తుపాకులు ఎదురుచూస్తూ ఉండగా ఆకాశం నుంచి దూకటానికి గుండెధైర్యం కావాలి. అది వారికి లేదనలేం, వందలకొద్దీ చనిపోయారు. ద్వీపంలోని రైతులు చేతికందిన దానితో వారిని ఎదిరించారు. అందుకు ప్రతీకారంగా జూన్ 2న పారాచూట్ సైనికులే కొండోమరి గ్రామంలోని మగవాళ్ళను ఆలివు తోటలో కాల్చి చంపారు. 1943లో హిట్లరు ప్రభుత్వం తన సేనల పేర వేసిన స్టాంపులలో పారాచూట్ సైనికులదీ ఒకటి. ఆలివు తోట సంగతి చెప్పటానికి ఆ బిళ్ళ మీద చోటు లేదు.

ఇక మన స్టాంపు సంగతి. కొరియా యుద్ధంలో పోరాడే సేనను పంపటానికి భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1950లో ఈ వైద్యదళాన్ని మాత్రం పంపింది. 1951 మార్చి 23న లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన 12 మంది, అమెరికన్ 187వ దళంతో బాటు మున్సాన్ దగ్గర దూకి, గాయపడ్డవారికి చికిత్స చేశారు. ఆ వైద్యదళంలో కొందరు తేగు పట్టణంలో కొరియా పౌరులకు వైద్యం చేశారు.

ఇక్కడ ఆగితే వ్యాసం సులువుగా ముగుస్తుంది. కాని వారు దూకినది దాడి చేస్తున్న సేనతో. కట్టు కట్టించుకున్న సైనికుడు మళ్ళీ తుపాకి పట్టవచ్చు. అప్పుడు వైద్యం కూడా యుద్ధంలో భాగమే గదా? ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. వైద్యులు వెంట ఉన్నంత మాత్రాన ఏ దాడీ పవిత్రం కాదు. అయితే నెత్తురోడుతున్న మనిషిని వదిలేసి యుద్ధాన్ని ఖండించటంలో మన సిద్ధాంతం నిలిచినా, ఆ మనిషి నిలవడు. సిద్ధాంతం ఎవరికోసమో మరచిపోరాదు.

గాయం ముందు నిలబడ్డ వైద్యుడి ధర్మం కట్టు కట్టటం. ఆ గాయం ఎవరి ప్రయోజనం కోసం జరిగిందని అడగటం, దూరంగా క్షేమంగా కూర్చున్న మన ధర్మం. వైద్యుడు తన పని చేశాడు గనక మనం మన ప్రశ్న మానుకోనక్కరలేదు.

ఆ విద్యార్థికి ఇప్పుడు ఇలా చెబుతాను: దూకటాన్ని చూసి మెచ్చుకోకు. నేల తాకిన తర్వాత ఆ చేతులు ఏం చేశాయో చూడు, వారిని పంపినదెవరో అడుగు. ఆ 12 మంది చేతులకు నేను నమస్కరిస్తాను. ఆ నమస్కారాన్ని యుద్ధానికి జమకట్టుకుంటానంటే మాత్రం ఒప్పుకోను.