బార్కస్ ఇంటిపేర్లు

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన బార్కస్‌లో బావజీర్, యాఫయీ వంటి ఇంటిపేర్లు వినిపిస్తాయి. దక్షిణ యెమెన్ నుంచి వచ్చి నిజాం కొలువులో సిపాయిలైనవాళ్ల వారసులవి. యాఫయీ అంటే యాఫా కొండసీమ వాడు. మన ఇంటిపేర్లలో ఊళ్లున్నట్టే. మూలం తెలిస్తే మనిషి ఘనత తేలినట్టేనా? కాదనే అంటాను. ఖురాన్ 49వ అధ్యాయం ప్రకారం తెగలున్నది ఒకరినొకరు గుర్తుపట్టడానికి, గొప్పతనం దైవభీతిది. దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్‌లో ప్రవక్త సంతతివారైన సయ్యదులు వంశం చూపించే పైవరసలో కూర్చున్నారు కదా అనొచ్చు. నిజమే, కానీ ఆ పీట వేసింది సమాజం. పోనీ, వంశాన్ని పట్టించుకోవద్దా అంటే అదీ కుదరదు: ఇస్లాంలో ఆస్తి పంచాలంటే ఎవరి బిడ్డో తెలియాల్సిందే. ఆ పంపకంలో తల్లికీ, కూతురికీ వాటా ఉంది. ఇంటిపేరు మాత్రం తండ్రుల వరసే చెబుతుంది. ఆ సిపాయిలు ఇక్కడ పెళ్లాడిన దక్కనీ స్త్రీల ఊసు అందులో లేదు.