ఫోర్కుకు కట్టిన తీగ

తంగళ్ళపల్లిలో ఓ ఆసామికి ఎనిమిది సాంచాలు (మరమగ్గాలు). ఒకరోజు పొద్దున షెడ్డులోకి వచ్చి చూస్తే, ఒక సాంచ మీద మూరెడు మేర పేక లేదు, ఉత్త పడుగు పోగులే. పేక తెగితే సాంచను ఆపే ఫోర్కుకు ఎవరో తీగ చుట్టేశారు.

"మాటిమాటికి ఆగుతాందన్నా, పని నడుస్తలేదని నేనే కట్టిన" అన్నాడు కార్మికుడు.

"ఆగేది నీ మంచికే గదరా! గిన్నేండ్ల సంది నడుపుతున్నవ్, గిది తెల్వదా?" అని ఆసామి షెడ్డంతా వినపడేలా తిట్టాడు.

మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వేములవాడకు కారెక్కారు. బండి కదలగానే బెల్టు కోసం టింగుటింగుమని మోత. ఆసామి బెల్టును వీపు వెనక నుంచి లాగి బకిల్‌లో నొక్కాడు. "దీని లొల్లి బందైంది" అన్నాడు. ఏడేళ్ల బిడ్డ ముందు సీట్ల సందులో నిలబడి పాటలు మారుస్తోంది. మానేరు వంతెన దాటాక బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టాడు. బర్రెకేం కాలేదు. పిల్ల నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. స్టీరింగు గుద్దుకుని ఆసామి వారం దాకా గట్టిగా దగ్గలేకపోయాడు.

పిల్లను చూడవచ్చిన కార్మికుడు వాకిట్లో ఉన్న కారులోకి తొంగిచూశాడు. సీటుకు ఆనుకుని బిగిసి ఉన్న బెల్టును వేలితో తట్టి, "అన్నా, గీడ తీగ ఎవలు కట్టిన్రు?" అన్నాడు.

నీతి: మొత్తుకునేదాని నోరు కట్టేస్తే తెగిన పోగు అతకదు.

బ్రేకు ఆపేది బండిని. లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాడు. అతన్ని ఛాతీ మీద, తుంటి ఎముకల మీద పట్టి ఆపడానికే వోల్వో కార్ల కంపెనీలో నీల్స్ బోలిన్ 1959లో ఇప్పటి బెల్టు చేశాడు. అంతకుముందు ఆయన పని విమానంలోంచి పైలట్‌ను బయటికి విసిరే సీట్లు చేయడం! ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా అంటారు; అది బెల్టుకు తోడుగా చేసిందే. వెనక సీటుకు భయం లేదన్నదీ భ్రమే. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ బెంజి కారు వెనక సీట్లో, బెల్టు పెట్టుకోకుండా కూర్చుని ప్రాణాలు కోల్పోయారు.

అన్నిటికీ బెల్టే మందు అనను. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు లోయలో పడిన ఆర్టీసీ బస్సులో కిక్కిరిసి నిలబడ్డవాళ్లకు సీటే లేదు, బెల్టు మాటెక్కడ? కారున్నవాడికి ఆ సాకు లేదు. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా తీసుకెళ్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194-బి కింద 1000 రూపాయల జరిమానా నడిపినవాడికే.