కోతకాలపు మంచు

వాక్యభాగములు: సామెతలు 25:13, యెహెజ్కేలు 33:1–6



మా దేశనూరులో మంచు కురియుట ఎవరును చూడలేదు. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోని ఊరు ఇది. వరి, కాలువ నీరు, ఎండ, ఇవే మాకు తెలిసినవి. చలికాలములో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకొను పొగమంచే మా మంచు. అయినను ఈ నెల మంచును గూర్చియే మీతో మాటలాడవలెనని నా మనస్సు ప్రేరేపించబడినది.

మా మనుమడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. గత డిసెంబరులో వరి కోతలప్పుడు ఒక సాయంకాలము నేను కళ్ళము దగ్గర ఉండగా ఫోను చేశాడు. మనకు ప్రొద్దు క్రుంకు వేళ అక్కడ తెల్లవారుజాము.

"ఇంత పొద్దున్నే లేచావేమిరా?" అని అడిగాను.

"మంచు కబురు చూస్తున్నాను తాతయ్యా. అది చూడకుండా కొండకు పోకూడదు," అన్నాడు.

కాళ్ళకు పొడవైన పలకలు బిగించుకొని మంచు కొండల మీదనుండి జారుచు దిగే ఆటను స్కీయింగ్ అందురు. అట్టి కొండ దగ్గర ప్రతి ఉదయము ఒక నివేదిక ఇత్తురట. గడచిన 24 గంటలలో ఎన్ని అంగుళముల మంచు క్రొత్తగా పడినది, అడుగున ఎంత మందమున్నది, ఏ దారులు తెరచియున్నవి, ఏ దారులు మూసియున్నవి, ఏ దారిని రాత్రి యంత్రముతో చదును చేసిరి, ఇవన్నియు అందులో ఉండును. దారులకు గుర్తులును ఉన్నవి. ఆకుపచ్చ వృత్తము సులువైన దారి, నీలి చతురస్రము మధ్యరకము, నల్ల వజ్రము ఆరితేరిన వారికి మాత్రమే. కొండ కావలివారు చీకటితోనే పైకి వెళ్ళి, మంచు చరియ విరిగిపడునట్లున్న చోట త్రాడు కట్టి దారి మూసివేయుదురు.

ఆ రాత్రి సామెతల గ్రంథము 25వ అధ్యాయము చదువుచుండగా 13వ వచనము దగ్గర ఆగిపోయాను. అక్కడ జ్ఞాని మంచును, నమ్మకమైన దూతను ఒక్కచోట చేర్చియున్నాడు. ఎండలో కోత కోయువానికి మంచు చల్లదనము ఎంత హాయియో, నిజము తెచ్చిన దూత తన యజమానునికి అంత హాయి అని ఆ మాట భావము. ఆ దేశములో కోతలు మండు వేసవి మొదట వచ్చును. ఉత్తరాన 2,814 మీటర్ల ఎత్తున్న హెర్మోను కొండ మీద అప్పటికింకను మంచు కనబడును. నేడు ఆ హెర్మోను వాలు మీద కూడ చలికాలములో స్కీయింగ్ జరుగుచున్నది. కళ్ళములో నిలిచి మంచు కబురు విన్న నాకు ఆ వచనము నాకొరకే వ్రాసినట్లు తోచినది.

నమ్మకమైన కబురు ఎట్లుండవలెను? మూడు సంగతులు గమనించుదము.

మొదటిది, అది నేటి కబురై యుండవలెను. నిన్నటి మంచు నేటి మంచు కాదు. రాత్రి గాలి ఒక వాలు మీది మంచును ఎత్తి మరియొక వాలు మీద పోయును. వసంతకాలములో ఉదయము రాయివలె గట్టిగా ఉన్న దారి మధ్యాహ్నమునకు బురదవలె మెత్తబడును. అందుచేత నిన్న తెరచిన దారి నేడు మూయబడవచ్చును. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పినది హాజరు పట్టీ వ్రాయుట. నిన్న వచ్చిన పిల్లవానికి నిన్నటి గుర్తు చూచి నేడు హాజరు వేయరాదు, తల ఎత్తి వాని ముఖము చూడవలెను. అరణ్యములో మన్నా కూడ ఏ దినమునది ఆ దినమే. దాచిపెట్టినది పురుగు పట్టెను (నిర్గమకాండము 16).

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము ప్రతి వార్షికోత్సవములో చెప్పుకొందుము. అది దేవుని కార్యము, చెప్పుకొనవలసినదే. మన తాతలు ఆ విశ్వాసమును మూటగట్టుకొనియే ఊళ్ళు విడిచి ఈ కాలువ క్రింది క్యాంపులకు వచ్చి స్థిరపడిరి. కాని ప్రియులారా, అది 1878 నాటి కబురు. ఈ ఉదయము నీ ఇంటిలో ప్రార్థన దారి తెరచియున్నదా, మూసియున్నదా? ముత్తాత బాప్తిస్మము దానికి జవాబు చెప్పజాలదు.

రెండవది, అది దాపరికము లేని కబురై యుండవలెను. ఇది చెప్పుటకు మాకు కొలరాడో దాక పోనక్కరలేదు. వర్షాకాలములో తుంగభద్ర డ్యాము మట్టము ఎంత అని మా రైతులు ప్రతి ఉదయము పత్రికలో చూచుకొందురు. 1,633 అడుగులు నిండు మట్టము. 2024 ఆగస్టులో డ్యాము నిండినదని విని అందరము సంతోషించితిమి. ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. ఏటి ఒడ్డు ఊళ్ళన్నియు బెదరిపోయినవి. ప్రవహించు నీటిలోనే తాత్కాలిక గేటు దించి నీరు నిలుపుటకు వారము దినములు పట్టెను. మట్టమును గూర్చిన కబురు నిజమే. గొలుసు సంగతి ఆ కబురులో లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. అనేక సంవత్సరముల క్రితము మా సంఘ వార్షిక నివేదిక వ్రాయుట నా వంతు. హాజరు ఇంత, కానుకలు ఇంత, "సంఘము అన్ని విధముల క్షేమము" అని వ్రాసితిని. మా సంఘములోనే ఒక కౌలు రైతు అప్పులలో కూరుకొని త్రాగుడు మొదలుపెట్టెనని నాకు తెలియును. అతని భార్య రెండు మారులు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుండి ఏమియు చెప్పకుండ లేచిపోయెను. నేను అడుగలేదు. నివేదిక చదివిన దినమున అందరు చప్పట్లు కొట్టిరి. కొన్ని వారములకు ఆ కుటుంబము రాత్రికి రాత్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయెను. వారెక్కడ ఉన్నారో నేటికిని నాకు తెలియదు. మూయవలసిన దారికి నేను "తెరచియున్నది" అని చీటి కట్టితిని. కత్తి వచ్చుట చూచియు బాకా ఊదని కావలివానిని గూర్చి యెహెజ్కేలు 33లో చదివినప్పుడెల్లను ఆ తల్లి మా అరుగు మీద కూర్చున్నట్లే కనబడును.

మూడవది, అది మధ్యస్థమైన అపాయమును కూడ చెప్పు కబురై యుండవలెను. మంచు చరియల అపాయమునకు అయిదు మెట్లు పెట్టియున్నారు. అయిదవ మెట్టు అన్నిటికంటె భయంకరము. అయితే ఎక్కువ మంది చనిపోవునది మూడవ మెట్టు ప్రకటించిన దినములలో అని మనుమడు చెప్పగా ఆశ్చర్యపోయి, "అదెట్లురా?" అన్నాను. "అయిదు అంటే ఎవరూ బయలుదేరరు తాతయ్యా. మూడు అంటే, ఫరవాలేదులే అని పోతారు," అన్నాడు. అంతేకాదు, మనుష్యులను పూడ్చిన చరియలలో నూటికి తొంబది వరకు వారో వారితో ఉన్నవారో కదిపినవేనట.

మనలో హత్యకు, దోపిడికి పోవువారు లేరు. మనలను పూడ్చునవి ఈ మూడవ మెట్టు పాపములే. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా, బల్ల దగ్గర చేయి చాచుచునే పొరుగువానితో మాట మానుట, పెండ్లికి అప్పు చేసి గొప్ప చూపుట. ఫరవాలేదులే అని వాటిమీద మనమే అడుగు వేయుదుము.

అయితే కబురు మాత్రమే ఎవరిని రక్షింపదు. 2016 ఫిబ్రవరి 3న సియాచెన్ మీద మద్రాసు రెజిమెంటు సైనికులు పదిమంది మంచు క్రింద పూడిపోయిరి. వారిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె వాడైన సిపాయి ముస్తాక్ అహ్మద్. మన కర్ణాటకలోని ధార్వాడ జిల్లా బెటదూరు వాడైన హనుమంతప్ప కొప్పద్ ఆరు దినముల తరువాత ఊపిరితో దొరికెను. ఆశ లేదని అందరు అనుకొన్నను త్రవ్వువారు త్రవ్వుట మానలేదు. ఫిబ్రవరి 11న అతడు కన్నుమూసెను. దేశమంతయు ఏడ్చినది.

ప్రియులారా, మన ప్రభువు కొండ క్రింద నిలిచి "దారి మూయబడినది" అని చెప్పి ఊరకుండలేదు. మనము పూడియున్న చోటికే దిగివచ్చెను. మూడవ దినమున సమాధిని గెలిచి లేచెను. నిజమైన కబురు తెచ్చినవాడే మనకు మార్గమాయెను (యోహాను 14:6).

కాబట్టి ఈ వారము రెండు పనులు చేయుదము. ప్రతి ఉదయము, ఫోను చేతిలోనికి తీసుకొనక మునుపు, ప్రభువు ఎదుట మన హృదయపు కబురు ఉన్నదున్నట్లు చెప్పుదము. తరువాత, మన సంఘములో కొంతకాలముగా కనబడని ఒక ఇంటివారి యొద్దకు వెళ్లి అరుగు మీద కూర్చుండి, "ఎట్లున్నారమ్మా?" అని అడిగి, వారు చెప్పువరకు లేవకుండ ఉందము. సంఘ పెద్దలకు, ముఖ్యముగా నివేదికలు వ్రాయువారికి, ఇది నా మనవి.

ప్రార్థన: ప్రభువా, మాకు తెలిసియు చెప్పని సంగతులను క్షమించుము. మా నోటి మాట కోతకాలపు మంచువలె నీకును నీ ప్రజలకును చల్లగా ఉండునట్లు సత్యము చెప్పు ధైర్యమిమ్ము. మేము పోగొట్టుకొనిన ఆ కుటుంబమును నీవు ఎరుగుదువు, వారిని కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.

మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, దేశనూరు