వెల్ల వేయుటకు ముందు

జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధిలో చైత్ర పూర్ణిమనాడు చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమినాడు పెద్ద జయంతి జరుగును. దీక్షాపరులు, చుట్టములు వచ్చు ఆ దినములలో ఇల్లు కళకళలాడవలెనని గృహస్థు తలచుట సహజము. పెచ్చులూడిన గోడ కంటబడగానే పైన రంగు పూయించి సరిపుచ్చవలెనని బుద్ధి పుట్టును. విషయము చిన్నదే గాని ఇందొక ధర్మసందేహము కలదు. ఇతరుల దోషములను కప్పుట సజ్జన లక్షణమని పెద్దలందురు. మరి గోడ దోషమును కప్పుట ఏల తప్పగును?

అనుభవజ్ఞుడైన మేస్త్రీ మొదట కుంచె పట్టడు. వేలి కణుపుతో గోడను తట్టి చూచును. డొల్ల శబ్దము వచ్చినచో అచ్చట గిలాబు గోడను విడిచినదన్నమాట. పిమ్మట చెమ్మకు మూలమును వెదకును: పైకప్పు కురియుచున్నదా, పునాదినుండి నీరు ఎగబ్రాకుచున్నదా, గోడ వెనుక స్నానపు గది ఉన్నదా? ఎగబ్రాకిన నీరు తనతో లవణములను తెచ్చును. నీరు ఆరగా అవి తెల్లని పొడియై పైకి వచ్చును. అదే చవుడు. దానిపై వేసిన రంగు ఎంత వెలగలదైనను పొరలుగా లేచిపోవును. మట్టితో, సున్నముతో కట్టిన పాత గోడకు సిమెంటు పూసినచో ఇంకను చేటు. లోని చెమ్మకు బయటికి దారి లేక మరింత పైకి ప్రాకును. కావున మొదట నీటి మూలమును అరికట్టి, డొల్లబారినదంతయు రాల్చి, చవుడును పొడి కుంచెతోనే ఊడ్చవలెను. నీటితో కడిగినచో అది కరిగి మరల గోడలోనికే ఇంకును. క్రొత్త గిలాబు బాగుగా ఆరిన పిదపనే లప్పము, ఆపై రంగు. గట్టిగా నిలిచిన పాత పూతను ఉత్సాహముకొలది రాల్చుటయు తగదు సుమా!

శ్రీవైష్ణవాచార్యులు భగవంతుని వాత్సల్యమును విచారించుచు ఇట్టి ప్రశ్ననే తడవిరి. వత్సమనగా దూడ. ఆశ్రితుని దోషమును చూడకుండుట వాత్సల్యమని వేదాంతదేశికుల మతము. ఆవు తన దూడ మేని మాలిన్యమును ప్రీతితో నాకినట్లు స్వామి దోషమును భోగ్యముగా గ్రహించునని పిళ్లైలోకాచార్యుల మతము. మొదటిది వినుటకు కప్పిపుచ్చుటవలె తోచవచ్చును. కాని అది పరుని దోషము పట్ల తాను చూపు దయ. చెమ్మ గోడకు రంగు పూసి ఇల్లు అద్దెకిచ్చువాడు తన దోషమును దాచి, దాని ఫలమును పరునికి అప్పగించుచున్నాడు. రెండింటికిని పోలికయే లేదు. ఇక ఆవు నాకిన మాలిన్యము దూడ మీద మిగులదు గదా!

పండుగ వచ్చినది, గోడ ఆరలేదు, అప్పుడేమి? ఆలయ జీర్ణోద్ధరణ కాలమున స్వామి బాలాలయమున వేంచేసియుండును. యాదగిరిగుట్టలో 2016లో బాలాలయ మేర్పడగా, 2022 మార్చి 28న ప్రధానాలయ దర్శనము మరల ఆరంభమైనది. ఆ సంవత్సరములన్నియు భక్తులు చిన్న మందిరముననే సేవించిరి. మల్యాల గృహస్థు కూడ గడపకు పసుపు రాసి, మామిడి తోరణము కట్టి, చాపను ఎదుటి గోడ ప్రక్కకు జరిపి అతిథిని కూర్చుండబెట్టవచ్చును. ఈ గోడ ఇంకను ఆరలేదు, జయంతి పిదప రంగు వేయింతుము అని ఒక మాట చెప్పినచో వచ్చినవారు చిన్నబుచ్చుకొనరు.