క్రమము ఎవరి కొరకు?

హైదరాబాదు నుండి మెదకునకు పోవు మార్గమున నర్సాపూరు అడవి దాటి, ఊరు గడచి, కౌడిపల్లి మీదుగా మరికొంత దూరము సాగినచో కొల్చారము చేరుదుము. కాళిదాస భారవి మాఘ శ్రీహర్షుల కావ్యములను భారతదేశమంతయు నేటికిని ఎవని వ్యాఖ్యాన సాహాయ్యమున చదువుకొనుచున్నదో, ఆ కోలాచల మల్లినాథసూరి వంశమునకు పేరిచ్చిన గ్రామ మిదియేయని పండితులు చెప్పుదురు. ఆయన 14, 15 శతాబ్దుల నాటివాడు. నర్సాపూరుననే విష్ణుపురమున 1997లో నెలకొల్పబడిన బి.వి. రాజు సాంకేతిక విద్యాసంస్థ కలదు. అచట చదువు యువతీయువకులు యంత్రములకు తెలియు భాషలలో వ్రాయుట నేర్చుకొనుచున్నారు. ఈ రెండు విద్యలకును నడుమ ఆరు శతాబ్దుల అంతరమున్నను, రెంటికిని మూలమందున్న ప్రయత్న మొక్కటియే యని నాకు తోచుచున్నది: గ్రంథమందలి అన్వయమును తనంత తాను పట్టుకొనలేని పాఠకునికి దానిని విడదీసి చేతికందించుట.

ఒక పనిని మొదటినుండి తుదివరకు మెట్టుమెట్టుగా బోధించు రచనలు ఇంటర్నెట్టున లెక్కకు మిక్కిలిగా నున్నవి. నీటిమోటారు విప్పి బాగుచేయుట, కంప్యూటరులో తెలుగు కీబోర్డు అమర్చుకొనుట, మొక్కకు అంటు కట్టుట మొదలగు పనులను గూర్చి చదువు మనుష్యుడు ఏది సామగ్రియో, ఏది చర్యయో, ఏది హెచ్చరిక మాత్రమో వాక్యము తీరును బట్టియే గ్రహించును. సెర్చ్ ఇంజనునకు అట్టి గ్రహణము సులభము కాదు. అందుచేత 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ సంస్థలు కూడి స్కీమా డాట్ ఆర్గ్ అను పేర ఒక ఉమ్మడి పదజాలమును ప్రకటించినవి. కొన్ని నెలలకు రష్యాదేశపు యాండెక్స్ కూడ చేరినది. ఆ కార్యమునకు ఆద్యులలో ముఖ్యుడు మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ. మనుష్యులు చదువు పుటకు వెనుక, జేసన్-ఎల్‌డీ మొదలగు రీతులలో, ఇది ఈ పని పేరు, ఇవి దీనికి వలయు వస్తువులు, ఇది మొదటి మెట్టు, ఇది రెండవ మెట్టు అని యంత్రమునకు గుర్తులు వ్రాసి యుంచుటయే మార్కప్. బోధనారచనల కొరకు ఆ పదజాలమున ఏర్పడిన వర్గమునకు ‘హౌటు’ అని పేరు.

ఇది కేవలము వ్యాపారుల యుక్తియని తత్త్వచింతకులు దీనిని ఉపేక్షింపవచ్చును. కాని ఒక పనిని చెప్పుటయందు పనికి అంగమైన దేది, మాటకు అలంకారమైన దేది, ముందు వెనుకలు దేనివలన నిర్ణయమగును అను విచారమును రెండువేల ఏండ్లకు పైగా సాగించిన శాస్త్రము మనకు కలదు; అది మీమాంస. ప్రతి విధియందును మూడు ఆకాంక్షలున్నవని ఆ శాస్త్రజ్ఞులు చెప్పిరి. దేనిని సాధింపవలెను, దేనిచేత సాధింపవలెను, ఏ విధముగ సాధింపవలెను. వీనిలో మూడవది ఇతికర్తవ్యత. ‘హౌటు’ వర్గమును ఏర్పరచినవారు మీమాంసాసూత్రకర్తయైన జైమినిని చదివిరో లేదో మనకు ప్రస్తుతము కాదు. అదే ప్రశ్నను ఎదుర్కొన్న బుద్ధి అవే విభాగములకు చేరుట మాత్రము ఆశ్చర్యకరము.

‘హౌటు’ పదజాలమున వస్తువులు రెండు తెరగులు. పని జరుగుచుండగా వ్యయమైపోవునది సామగ్రి. వాడబడియు మిగులునది పనిముట్టు. దర్శపూర్ణమాసములను యాగములలో పురోడాశమునకు వలయు వ్రీహులొక వంకను, వానిని దంచి చెరుగుటకు వలయు రోలు, రోకలి, చేట మొదలగు యజ్ఞాయుధములు పదియు వేరొక వంకను ఉంచి యాజ్ఞికులు చేసిన విభాగ మిదియే. వాక్యములును అట్లే రెండు తెరగులు: ఇట్లు చేయుమని శాసించునది మొదటిది, చేయదగినదానిని శాసింపక, దానిని గూర్చి వివరణమును మెలకువను మాత్రము చెప్పునది రెండవది. విధికిని అర్థవాదమునకును గల భేదముతో ఇది పూర్తిగా సరిపోలదు. అర్థవాదము ముఖ్యముగ స్తుతి, ఇచట నున్నది ఉపాయము. అయినను చోదించు వాక్యమును చోదింపని వాక్యమునుండి వేరుచేయక కర్మస్వరూపము తెలియదను మూలసూత్రము రెండింటను సమానము. బోధించువారిలో అనేకులు ఈ భేదమును పాటింపక, తమ అభిరుచిని ఒక మెట్టుగను, తప్పనిసరియైన జాగ్రత్తను ఒక మెలకువగను వ్రాయుచుందురు. అందువలన కష్టపడువాడు చదివి చేయువాడే.

ఇక క్రమము. జైమిని సూత్రములలో ఐదవ అధ్యాయమంతయు దీనికే కేటాయింపబడినది. ఒక పని తరువాత మరియొకటి చేయవలెనని నిర్ణయించుటకు ప్రమాణము లారు: శ్రుతి, అర్థము, పాఠము, స్థానము, ముఖ్యము, ప్రవృత్తి. వీనిలో ముందున్నది వెనుకనున్న దానికంటె బలీయము. పాఠమనగా గ్రంథమున వ్రాసిన వరుస. అర్థమనగా ప్రయోజనమును బట్టి ఏర్పడు వరుస. వేదమున ఒకచోట అగ్నిహోత్రహోమమును ముందు చెప్పి, హోమద్రవ్యమైన గంజి వండుటను తరువాత చెప్పినారు. వ్రాసిన వరుసనే పట్టుకొన్నచో హోమము ముగిసిన పిదప గంజి కాచుకొనవలసి వచ్చును. కావున పాఠము వెనుదీసి అర్థమే నిలుచును. ప్రయాజలను ఐదు ఆహుతులయందు అట్టి ప్రయోజననిర్బంధ మేదియు లేదు గనుక అచట పాఠమే శరణ్యము. ప్రవృత్తిని గూర్చిన విచారము మరింత సూక్ష్మము. వాజపేయయాగమున ప్రజాపతికి ఉద్దిష్టములైన పదునేడు పశువులకు సంస్కారములు చేయవలసి యుండగా, ఒక పశువునకు అన్ని సంస్కారములను ముగించి రెండవదానికి పోవుటయా, ఒక సంస్కారమును అన్నింటికి చేసి రెండవ సంస్కారమునకు పోవుటయా? అన్నింటికి ఒక్కొక్క సంస్కారమును చేయుటయే యుక్తమనియు, మొదటి సంస్కారము ఏ పశువునుండి ఆరంభమైనదో తక్కినవియు ఆ వరుసనే సాగవలెననియు సిద్ధాంతము. పది కంప్యూటర్లకు ఒకే సాఫ్ట్‌వేర్ ఎక్కింపవలసిన ఉద్యోగి ప్రతిదినమును ఎదుర్కొను ప్రశ్న ఇది. బోధనాగ్రంథములలో దీనికి సమాధానము వ్రాసినవారు అరుదు.

మార్కప్ చేయువాడు దశలకు వరుసను ఇచ్చును. ఆ వరుసకు హేతువేమో చెప్పుటకు ప్రత్యేకమైన స్థానము అందు లేదు. గంజి వండుట హోమమునకు ముందుండవలెనను అనివార్యమైన పౌర్వాపర్యమును, ఏదియో ఒకటి ముందు వ్రాయక తప్పదు గనుక ముందు వ్రాసిన పౌర్వాపర్యమును యంత్రమునకు ఒకే ముఖముతో కనబడును. నా అభిప్రాయమున ఈ విద్యయందలి గాఢమైన లోప మిదియే; దీనిని పూరింపగలవాడు వ్రాయువాడొక్కడే.

తెలుగువారి ఇండ్లలో అన్నింటికంటె విరివిగా చదువబడు బోధనాగ్రంథము వ్రతకల్పము. వినాయకచవితినాడు పుస్తకము తెరచి, లేదా నేటి వాడుకగా ఫోనును పీటప్రక్క నుంచుకొని, ఆచమనము మొదలు ఉద్వాసన వరకు ఒక్కొక్కటిగా చదువుచు చేయు గృహస్థునికంటె శ్రద్ధగల పాఠకుడు ఏ గ్రంథకర్తకు లభించును? ఆ కల్పమును మార్కప్‌తో వ్రాయబూనిన వానికి పైన చెప్పిన భేదములన్నియు ఒక్కసారిగ ఎదురగును. కలశము, గంట, హారతిపళ్లెము పనిముట్లు. పసుపు, కుంకుమ, అక్షతలు, ఇరువదియొక్క పత్రి సామగ్రి. షోడశోపచారములందు ఆసనము, పాద్యము, స్నానము, వస్త్రము, నైవేద్యము, తాంబూలము అను వరుస ఇంటికి వచ్చిన అతిథిని గౌరవించు వరుస. స్నానమునకు ముందు వస్త్రమిచ్చుట, భోజనమునకు ముందు తాంబూలమిచ్చుట అర్థమునకే విరుద్ధము. పత్రపూజలో అట్లు కాదు. మాచీపత్రము తరువాత బృహతీపత్రమే ఏల, జమ్మి తరువాత రావియే ఏల అనినచో పాఠము తప్ప వేరు హేతువు చెప్పలేము. ఉత్తరేణి దొరకని పట్టణవాసి ఆ ఒక్కదాని స్థానమున అక్షతలు వేసి ముందుకు సాగును. ఆవాహనమును మాత్రము అట్లు దాటడు. కథయో? దానిని అక్షతలు చేతబట్టి వినుట వ్రతమునకు అంగము గనుక ‘కథ వినవలెను’ అనునది మెట్టే. కాని మెట్లను మాత్రము ఏరి చూపు యంత్రము ఆ ఒక్క వాక్యమును చూపి, ఆ కథయైన శమంతకోపాఖ్యానమును వదలివేయవచ్చును. శ్రవణమును విధించి శ్రావ్యమును తొలగించిన కల్పము అంగహీనము కాదా?

ఇట్టి సందర్భముననే కొల్చారపు పండితుని నియమము నాకు దారి చూపుచున్నది. మూలమందు లేనిది వ్రాయననియు, అపేక్షితము కానిది చెప్పననియు, సర్వమును అన్వయముఖముననే వివరింతుననియు మల్లినాథుడు తన వ్యాఖ్యారంభమున ప్రతిజ్ఞ చేసెను. కవి ఛందస్సు కొరకు చెదరగొట్టిన పదములను ఆయన వాక్యార్థము కోరు వరుసలో నిలిపెను. పాఠక్రమమునకు లోనున్న అర్థక్రమమును వెలికి దీయుటయే ఆయన వృత్తి. పుటయందు పాఠకునికి కనబడని విషయమును మార్కప్‌లో చేర్చరాదని గూగుల్ విధించిన నియమము ఆ ప్రతిజ్ఞలోని మొదటి భాగమే. దీనిని శిక్షాభయమున పాటించువారు కలరు. కాని వ్యాఖ్యాత మూలమునకు బద్ధుడగుట భయమువలన కాదు, మూలమును ప్రేమించుటవలన. ఆ ప్రేమ లేనివాడు పుటలో రెండు మెట్లు వ్రాసి గుర్తులలో పది మెట్లు చూపుటకు ఏదో ఒకనాడు పూనుకొనును.

యంత్రము కొరకు వ్రాసిన విధి విధియగునా అను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. మీమాంస ఆరవ అధ్యాయమున అధికారవిచారము కలదు. ఫలము కోరువాడును, చేయగలవాడును, చేయు విధము తెలిసినవాడునే కర్మకు అధికారి. పశువులకు సామర్థ్యము లేదు. దేవతలకు తాము హవిస్సు నీయదగిన వేరు దేవతలు లేరు. ఉభయులును అధికారము నుండి తొలగింపబడిరి. సెర్చ్ ఇంజను దశలన్నింటిని క్షణములో చదువును. మోటారు విప్పదు, దీపము వెలిగింపదు, దేనిని కోరదు. అది అధికారి కాదు, ఆచార్యుడును కాదు. మాటను మోసికొనిపోవు దూత. దూతకు సందేశమును స్పష్టముగ చెప్పుట యుక్తమే, కాని సందేశము దూతను ఉద్దేశించినది కానేరదు. మార్కప్ కొరకే మెట్లను పెంచి, శీర్షికలను సాగదీసి వ్రాసిన రచనలందు ఈ ఉద్దేశ్యము తారుమారగుట చూచుచున్నాము.

ఈ తారుమారునకు కాలమే ఒక పరీక్ష పెట్టినది. గూగుల్ 2019లో ‘హౌటు’ గుర్తులున్న పుటలకు ఫలితములలో ప్రత్యేకమైన రూపము నిచ్చుట ఆరంభించి, 2023 ఆగస్టులో దానిని కంప్యూటరు తెరలకు పరిమితము చేసి, మరుసటి నెలలో పూర్తిగ మానుకొన్నది. పదజాలము నిలిచియున్నది, ఫలము పోయినది. సగము పుటలకు గుర్తులు వ్రాసి, తక్కిన సగమును ముందుంచుకొన్నవాడు ఇపుడేమి చేయవలెను? ఆరవ అధ్యాయముననే దీనికి దగ్గరి విచారమొకటి కలదు. కామ్యకర్మను ఆరంభించినవాడు నడుమ కోరిక తీరినను, కోరికయే పోయినను, దానిని ముగింపవలసినదే; ఇల్లు కట్టుట వంటి లౌకిక కార్యములకు మాత్రము ఆ నిర్బంధము లేదు. ఆ లెక్కను మార్కప్ లౌకికము గనుక విడువవచ్చును. విడిచినవానిని నిందించుటకు శాస్త్రము లేదు. కాని బోధనారచనకు ఆ విడుపు చెల్లదని నా దృఢాభిప్రాయము. ఏలయనగా ఆ రచనను నమ్మి మోటారు విప్పి ముందుంచుకొన్నవాడు, కలశము స్థాపించి కూర్చున్నవాడు తమ పనిని అప్పటికే ఆరంభించిరి. వ్రాసినవాని ఋణము ఆ ఆరంభముతోనే ఏర్పడినది, అది సెర్చ్ ఇంజను నిర్ణయముతో తీరునది కాదు. కావున గుర్తులు మానుకొన్నను, ఆ గుర్తుల కొరకు చేసిన విభాగమును పుటలోనికి తేవలెను: సామగ్రిని పనిముట్ల నుండి వేరుచేసి ముందే చెప్పవలెను, శాసనమును మెలకువతో కలుపరాదు, మార్చరాని క్రమమున్నచోట ఏల మార్చరాదో ఒక్క వాక్యమున వ్రాయవలెను, మార్చదగినచోట మార్చవచ్చునని అనుమతింపవలెను. ఈ కడపటి రెండింటికి యంత్రపు పదజాలమున ఎన్నడును చోటు లేకుండెను గనుక, 2023కు ముందును వానిని మనుష్యభాషలోనే వ్రాయవలసియుండెను.