చేను వింటుంది

2020 జూన్ 22న స్పెయిన్‌లోని బార్సిలోనాలో లిసేవు ఒపెరా హాలు మళ్లీ తెరుచుకుంది. కుర్చీల్లో మనుషులు లేరు, 2,292 మొక్కలున్నాయి. వాటి ముందు నలుగురు కళాకారులు తీగవాద్యాల మీద పుచ్చీని సంగీతం వాయించారు. తర్వాత ఆ మొక్కల్ని ఆసుపత్రి సిబ్బందికి ఇచ్చారు. ఎమ్మిగనూరులో ఇంట్లో కూర్చుని ఆ వీడియో చూస్తూ కళ్లు తుడుచుకున్నాను. ఆ ఏడాది చెన్నై డిసెంబరు కచేరీలు కూడా ఆన్‌లైన్‌కే వచ్చాయి. వినేవాళ్లు ఎదురుగా లేకపోతే అది కళేనా అని మేమంతా మాట్లాడుకున్నాం.

ఆ ప్రశ్నలో ఏదో లోపముందని నాకు చెప్పింది ఆదోని దగ్గరి ఒక పత్తి చేను.

అది నవంబరు, పత్తి విడిపించే కాలం. తెలిసినామె పిలిస్తే మాస్కు కట్టుకుని వెళ్లాను. గట్టెక్కక ముందే పాట వినిపించింది. పాతది కాదు. మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి ఆమె గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి పోయి చిక్కుకుపోయింది. దారిలో పోలీసులు, చంకలో మనవరాలు, పొలిమేరలోనే ఆపేసిన సొంత ఊరివాళ్లు, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. ఆమె ఒక మాట అంటే పక్క సాలులో ఇంకొకామె దాన్ని మార్చి అందుకుంటోంది. నేను ఫోను తీసి రికార్డు పెట్టాను.

పాట ఆగిపోయింది.

"ఏంటికక్కా ఆపితివి?"

"ఇది మీరు వినేకి కాదు మేడం. మేము పాడుకునేకి."

రికార్డు చేయనులే అన్నాను. ఆమె నవ్వి ఒక సినిమా పాట ఎత్తుకుంది.

స్త్రీల గొంతును నమోదు చేయాలని తరగతిలో చెప్పేదాన్ని నేను. నమోదు కానిది పోతుందన్న భయం అబద్ధమేమీ కాదు. కానీ వినడానికి కూడా అనుమతి కావాలని నాకెప్పుడూ తోచలేదు. బార్సిలోనా వాద్యకారులు శ్రోతల్ని పోగొట్టుకున్నారు. ఈ ఆడవాళ్లకు శ్రోతలు లేకపోవడమే నీడ. ఆసామి, మేస్త్రీ, అత్త, పోలీసు వినని చోటే ఆ మాటలు పుట్టాయి. నేను ఆ జాబితాలో లేనని ఎలా అనుకున్నాను?

అట్లాగని చేనును స్వేచ్ఛాసీమ చేసి మురిసిపోలేను. అక్కడ కూలి కిలోల లెక్కన. మేస్త్రీ మోటారు సైకిల్ చప్పుడైతే గొంతులు తగ్గుతాయి. ఇక మావైపు జాతరల్లో పద్యనాటకాలాడి బతికే కళాకారిణికి జనం లేని పందిరి నీడ కాదు, ఇంట్లో పొయ్యి వెలగకపోవడం. ఆమెకు చూసేవాళ్లు కావాలి, ఆ రాత్రి డబ్బు కావాలి. ఖాళీ అందరికీ ఒకటి కాదు. ఎవరు ఖాళీ చేశారు, ఎవరు కోరుకున్నారు అన్నదాన్ని బట్టి అది ఆకలి అవుతుంది, ఆశ్రయమూ అవుతుంది. కళకు ప్రేక్షకులు కావాలా అని కాక, ఎవరు వినాలో చెప్పే హక్కు ఎవరిదని మనం అడగవలసింది.

ఆ పాట మొదటి పదమూడు సెకన్లు నా ఫోనులో ఉండిపోయాయి. మరుసటి ఏడాది పత్తికి వెళ్లి ఆమెనే అడిగాను. "తీసెయ్ మేడం" అంది. ఆమె ఎదుటే తీసేశాను.

ఈ వ్యాసంలో ఆ పాటలోని ఒక్క మాటా రాయలేదు. అందులో ఏముందో మాత్రం చెప్పేశాను. అది కూడా ఎక్కువేనేమో.