చేతి మీద గాయం, మనసులో బాణం



మండుటెండలోనూ మీ అమ్మాయి నిండు చేతుల జాకెట్టే వేసుకుంటోంది. ఓ రోజు చెయ్యి చూశారు. తనంతట తాను చేసుకున్న గాయాలు. అప్పుడు మీ నోట వచ్చే మొదటి మాట ఏది? "నలుగురికీ తెలిస్తే మా పరువేం కావాలే?" అంటారు. ఆ కోపం వెనక ఉన్నది భయమే. కానీ అక్కడే ధమ్మం మనల్ని ఒకటి అడుగుతుంది: ఇది తప్పా, దుఃఖమా? తప్పనుకుంటే దండిస్తాం. దుఃఖమనుకుంటే కారణం వెతుకుతాం, మార్గం చూస్తాం.

మన ఎడ్లపాడులో మిరపకోతకు వెళ్లొచ్చిన చెయ్యి మండితే ఆ చేతిని కొడతామా? నూనె రాస్తాం.

సల్ల సుత్తంలో బుద్ధుడు రెండు బాణాల గురించి చెప్పాడు. మొదటిది తగిలిన నొప్పి. రెండోది ఆ నొప్పి మీద మనసు పెంచుకునే బాధ. మార్కులు తగ్గాయి, బడిలో ఎవరో కులం పేరెత్తి నవ్వారు, ఇంట్లో రోజూ గొడవ. ఇది మొదటి బాణం. "నేనే పనికిరాను" అన్నది రెండోది. ఆ మంటను చెప్పుకోడానికి కొందరు పిల్లలకు మాట దొరకదు. గాయం చేసుకుంటే కాసేపు తగ్గినట్టుంటుంది. తర్వాత సిగ్గేస్తుంది. ఆ సిగ్గే మళ్లీ అదే దారి పట్టిస్తుంది. ఇది నటన కాదు. చాలామంది చావాలని చేసుకోరు. అయినా ముందుముందు వాళ్లకు ప్రాణాపాయం ఎక్కువ. అందుకే తేలిగ్గా తీసుకోవద్దు.

"పూర్వజన్మ కర్మ" అని సరిపెట్టుకోకండి. గత జన్మ కర్మ సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు. పుట్టుక పేరుతో మన మీద మోపిన సిగ్గును 1956లో నాగపూర్‌లో ఆయనతో పాటు లక్షల మంది దించేసుకున్నారు. ఆ బాట నడిచే మనం మన బిడ్డ మీద ఇంకో సిగ్గు మోపుతామా?

దీనికి వైద్యం ఉంది. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహన్ చిన్న వయసులో తానూ ఇలాగే గాయపరుచుకుని ఆసుపత్రిలో ఉన్నారు. 2011లో ఆ సంగతి ఆమే బయటపెట్టారు. జెన్ బౌద్ధంలో నేర్చిన ఎరుకను చికిత్సలో కలిపి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని తయారుచేశారు. ఉద్వేగం పొంగుతున్నప్పుడే దాన్ని గమనించడం, గాయం చేసుకోకుండా ఆ ఘడియ దాటడం, బాధను మాటల్లో చెప్పడం అందులో నేర్పుతారు. పిల్లల చికిత్సలో తల్లిదండ్రులూ నేర్చుకుంటారు. అలాగని ధ్యానంలో కూర్చోబెట్టి డాక్టర్ని మానేయకండి.

మరి ఇంట్లో మనమేం చెయ్యాలి? తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. గాయానికి కట్టు కట్టి పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని నెమ్మదిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చెప్పుకోడానికి తలుపు తెరుచుకుంటుంది. పత్తికీ మిరపకీ కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, తాళం వేసిన చోట పెట్టండి. టెలీ మానస్ 14416కి ఏ వేళయినా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. ప్రాణం మీదికొస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. కేసు పెడతారని దాచకండి. ప్రాణం తీసుకోబోయిన వారిని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడాలి, వైద్యం అందించాలి అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

భర్తనూ, బిడ్డలనూ, తల్లిదండ్రులనూ పోగొట్టుకుని మతి తప్పి తిరిగిన పటాచారను జనం పిచ్చిదని తరిమారు. బుద్ధుడు రానిచ్చాడు, చెల్లెలా పలకరించాడు. ఆమె తేరుకుంది, థేరి అయింది. ముందు దగ్గరికి రానివ్వడం, తర్వాతే బోధ.

పాణాతిపాతా వేరమణీ అని రోజూ చెప్పుకుంటున్నాం. ఆ శీలం మన ఇంటి బిడ్డ ప్రాణానికీ వర్తిస్తుంది. ఈ రాత్రి వందనం అయ్యాక మీ పిల్లల్ని ఒక్క మాట అడగండి: "ఎలా ఉన్నావు నాన్నా?" జవాబు వచ్చేదాకా లేవకండి.

భవతు సబ్బ మంగళం.